మా హాల్లో కర్లింగ్ రాళ్లు: ప్రింట్ బాగుంది, రంగే చెడగొట్టారు

మాది కరీంనగర్, గ్రానైట్ పాలిషింగ్ పని. గోడకు ఫొటో కొనాలన్నా నా కన్ను రాయి మీదికే పోతుంది. కర్లింగ్ అంటే గడ్డకట్టిన మంచు మీద బరువైన రాళ్లు జార్చే ఆట. ఆన్‌లైన్‌లో దాని పాతకాలం ఫొటో కనపడగానే ఆర్డర్ పెట్టేశాను. గడ్డకట్టిన చెరువు, కోట్లూ టోపీలూ వేసుకున్న మగవాళ్లు, చేతుల్లో చీపుర్లు, మంచు మీద పిడి ఉన్న గుండ్రటి రాళ్లు. 24 బై 36 అంగుళాల సైజు, మ్యాట్ పేపర్, 1,350 రూపాయలు.

ప్రింట్ పదునుకు మాత్రం వంక పెట్టలేం. ముందువరసలో ఒకాయన వంగి రాయి వదులుతున్నాడు. ఆ రాయి నడుము చుట్టూ గరుకు పట్టీ, దానికి పైనా కిందా నున్నటి పాలిష్. రెండూ విడివిడిగా తెలుస్తున్నాయి. మా మిషన్ ఆపరేటర్ ఇంటికొచ్చి దాని ముందే నిలబడిపోయాడు. "అన్నా, ఈ పట్టీకి పాలిష్ ఎందుకు పట్టలే?" అన్నాడు. రాయికి రాయి తగిలేది అక్కడే మరి.

ఈ రాళ్లకు పేరుపడ్డది స్కాట్లాండ్ తీరంలోని ఐల్సా క్రెయిగ్ అనే చిన్న దీవి. అక్కడి గ్రానైట్ గింజ సన్నం, నీళ్లు పీల్చదు. లోపలికి నీళ్లు దూరితే గడ్డకట్టి రాయిని చీలుస్తాయి. మన టాన్ బ్రౌన్ గ్రానైట్ అందం వేరే గానీ గింజ పెద్దది, ఈ దెబ్బలకు ఆగదనే నా అనుమానం. దాదాపు 20 కిలోల రాయి జారుతుంటే దాని ముందు ఊడ్చుకుంటూ పోతారు. ఆ రాపిడికి మంచు పైపొర కాస్త వేడెక్కి రాయి ఇంకొంత దూరం పోతుంది. 1924లో ఫ్రాన్స్‌లోని శామొనీలో జరిగిన శీతాకాల ఒలింపిక్స్‌లోనూ ఈ ఆట ఆరుబయటే ఆడారు. స్కాట్లాండ్ వాళ్ల పెద్ద కర్లింగ్ పోటీ గ్రాండ్ మ్యాచ్ చెరువు మీద చివరిసారి జరిగింది 1979లో. పాత ఫొటోలకు గిరాకీ ఉందంటే ఉండదా మరి!

ఇంత మంచి ఫొటోకు పాతదనం రావాలని సెపియా అనే గోధుమ రంగు పులిమారు. తెల్లగా మెరవాల్సిన మంచు టీ ఒలికిన దుప్పటిలా ఉంది. వెనక వరుసలో కోట్ల మడతలన్నీ కలిసిపోయాయి. బ్లాక్ అండ్ వైట్‌లో ఇస్తారా అని అడిగితే "కస్టమర్లకు ఇదే నచ్చుతుంది సార్" అన్నారు. పైగా అది ఏ చెరువో, ఏ ఏడాదో, ఎవరు తీశారో ఎక్కడా లేదు. పైసలు పెట్టి కొన్నోడికి ఆ ఒక్క లైను రాసిస్తే ఏం పోయింది?

ఫ్రేమ్ మాత్రం ఇక్కడే కట్టించుకోండి. సన్నటి నల్ల చెక్క, నాన్-గ్లేర్ అద్దం. మామూలు అద్దం వేస్తే ట్యూబ్‌లైటూ కిటికీ తప్ప ఇంకేం కనపడదు. "ఇంట్లో కూడా రాళ్లేనా?" అని మా ఆవిడ మొదట మొహం చిట్లించింది. ఇప్పుడు చుట్టాలొస్తే "మా ఇంట్లో మగోళ్లు ఊడ్చేది ఈ ఫొటోలోనే" అని తనే చూపిస్తోంది.

ఐదుకు మూడున్నర ఇస్తాను. చిన్న సైజు మాత్రం తీసుకోకండి, అందులో ఆ పట్టీ కనపడదు. బ్లాక్ అండ్ వైట్ పెట్టిన రోజు ఇంకోటి నేనే కొంటా.