సర్కారు బడిలో యాజమాన్య కమిటీ: రూల్సుకు నాలుగు స్టార్లు, అమలుకు రెండే

విద్యాహక్కు చట్టం–2009, 21వ సెక్షన్ ప్రకారం ప్రతి సర్కారు బడికీ ఒక యాజమాన్య కమిటీ ఉండాలి. సభ్యుల్లో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే. మొత్తంలో సగం మంది ఆడవాళ్లు. ఆంధ్రప్రదేశ్‌లో తరగతికి ముగ్గురు తల్లిదండ్రుల్ని ఎన్నుకుంటారు, వాళ్లలోంచే ఛైర్మన్ వస్తారు. హెడ్మాస్టర్ (హెచ్.ఎం.) మెంబర్ కన్వీనర్ మాత్రమే. మీటింగు పిలిచేది ఆయన, అధ్యక్షత వహించేది ఒక తల్లో తండ్రో. ఈ ఏర్పాటు నిజంగా మెచ్చుకోదగ్గది.

తేడా వచ్చేది తీర్మానాల పుస్తకం దగ్గర. చాలాచోట్ల ఖాళీ పేజీ కింద సంతకాలు ముందే పెట్టించేస్తారు, పైన రాత తర్వాత ఎక్కుతుంది. కూలి పని వదులుకుని వచ్చిన తల్లికి "ఇక్కడ సంతకం పెట్టమ్మా" తప్ప ఇంకో మాట వినపడదు. దీనికి మందు తేలికే. తీర్మానం రాయాలి, గట్టిగా చదివి వినిపించాలి, ఆఖరి వరుస కింద మిగిలిన జాగాకు అడ్డగీత కొట్టాలి, అప్పుడు సంతకాలు. ఆ పేజీ ఫొటో అదే రోజు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. నెలకోసారి కూర్చోవాలనీ, మినిట్స్ అందరికీ అందుబాటులో ఉంచాలనీ కేంద్ర నిబంధనలే చెబుతున్నాయి.

కమిటీ సత్తా తేలేది మధ్యాహ్న భోజనంలో. కేంద్ర కొలతల ప్రకారం ప్రైమరీలో ఒక్కొక్కరికి రోజుకు బియ్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50, నూనె 5 గ్రాములు. అంటే ఆ రోజు 60 మంది తింటే 6 కిలోల బియ్యం, కిలో 200 గ్రాముల పప్పు, 3 కిలోల కూరగాయలు, 300 గ్రాముల నూనె. ఆరు నుంచి ఎనిమిది తరగతుల వాళ్లకు ఇవన్నీ ఒకటిన్నర రెట్లు. పప్పు గరిటెలోంచి నీళ్లలా జారుతోందంటే పొయ్యి మీదికి పప్పు ఎంత వెళ్లిందో అడగాలి. అడగాల్సిన వేళ వంట మొదలవక ముందు, హాజరు పట్టీ, తూకం రెండూ పక్కపక్కన పెట్టుకుని. వడ్డించాక అడిగితే వంటమ్మతో గొడవ తప్ప ఏమీ మిగలదు. పాపం, బిల్లులు ఆలస్యమై కిరాణా కొట్లో అప్పు పెరిగినా పప్పు పలచబడుతుంది. అప్పుడు తీర్మానం రాయాల్సింది బిల్లుల కోసం.

డబ్బు సంగతి. కేంద్ర పథకం సమగ్ర శిక్ష కింద బడి ఖర్చులకు వచ్చే కాంపోజిట్ గ్రాంటు 31–100 మంది ఉన్న బడికి ఏడాదికి 25,000, 101–250 మందికి 50,000 రూపాయలు. కనీసం 10 శాతం పారిశుధ్యానికే ఖర్చు పెట్టాలి. పాస్‌బుక్, క్యాష్‌బుక్, ఓచర్లు మూడూ ఒకే బల్ల మీద పెట్టుకుని తేదీలు సరిచూస్తే పావుగంట పని.

అన్నిటికంటే నిర్లక్ష్యానికి గురయ్యేది బడి అభివృద్ధి ప్రణాళిక. ఇది మూడేళ్లది. తరగతివారీగా రాబోయే పిల్లలెందరు, ఇంకా ఎందరు టీచర్లు కావాలి, గదులు, మరుగుదొడ్లు, వాటికయ్యే ఖర్చు అన్నీ అందులో ఉండాలి. కమిటీ ఏర్పడిన ఆర్థిక సంవత్సరం ముగియడానికి మూడు నెలల ముందే, అంటే డిసెంబరు ఆఖరులోపు తయారవ్వాలి. పాత కాగితానికి కొత్త తేదీ వేసి పంపితే టీచరు పోస్టు అడిగే అవకాశమే చేజారుతుంది. ఛైర్మన్ సంతకంతో రెండు కాపీలు మండల విద్యాధికారి (ఎం.ఈ.ఓ.) ఆఫీసుకు తీసుకెళ్లి, ఒకదాని మీద అందినట్టు ముద్ర వేయించుకుని బడి ఫైల్లో పెట్టండి.