సిమ్స్ 2: అరువు లేని కిరాణా కొట్టు

బొమ్మ మనుషులకి ఇళ్లు కట్టి, వాళ్ల బతుకులు నడిపే కంప్యూటర్ గేమ్ ‘ది సిమ్స్ 2’. ఇప్పుడు కొనొచ్చా అని అడిగితే కొనమనే చెప్తాను. కాకపోతే గేమ్‌తో పాటు వచ్చే ఊళ్లతో మాత్రం మొదలుపెట్టకండి. ప్లెజెంట్‌వ్యూ, స్ట్రేంజ్‌టౌన్, వెరోనావిల్ అనే మూడు ఊళ్లు ఉంటాయి. 2004లో గేమ్ వచ్చినప్పటి నుంచి అందరూ ఆడి ఆడి అరగదీసిన ఊళ్లవి. ప్లెజెంట్‌వ్యూలో మాయమైపోయిన బెల్లా గాత్ అనే ఆవిడ ఎక్కడుందో తెలుసుకోవాలన్న ఆత్రం కొన్నాళ్లు ఉంటుంది. ఆ తర్వాత ఉద్యోగం, ప్రమోషన్, పెద్ద ఇల్లు, ఇంకా పెద్ద ఇల్లు, అంతే. నాకు కాలేజీ రోజుల్లోనే విసుగొచ్చేసింది.

మళ్లీ పట్టుకున్నది లెగసీ కలెక్షన్ వచ్చాక. మొదటి సిమ్స్ గేమ్‌కి పాతికేళ్లు నిండుతున్నాయని 2025 జనవరి 31న సిమ్స్ 1, సిమ్స్ 2 రెండింటినీ ఈ పేరుతో స్టీమ్, ఈఏ యాప్ అనే ఆన్‌లైన్ గేమ్ కొట్లలో మళ్లీ అమ్మకానికి పెట్టారు. సిమ్స్ 2కి వచ్చిన 8 ఎక్స్‌పాన్షన్ ప్యాక్‌లూ, అంటే మూల గేమ్‌కి కొత్త సంగతులు కలిపే అదనపు భాగాలు, ఇందులోనే ఉన్నాయి. సామాన్ల ప్యాక్‌లలో ఐకియా ఒక్కటే లేదు. బల్లలూ అలమరాలే కాబట్టి దానికోసం ఎవరూ బెంగపడనక్కర్లేదు.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. నేను మెట్టినది కిరాణా కొట్టున్న ఇంటికి. ఊరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. కొట్టుకి వచ్చేవాళ్లలో సగం మంది ఒడియా మాట్లాడతారు, సగం మంది తెలుగు, కొండల మీంచి దిగొచ్చే సవరవాళ్లు రెండూ కలిపి మాట్లాడతారు. లెక్కలు రాసేది నేనే. రాత్రి కొట్టు కట్టేశాక లాప్‌టాప్ తెరిచి ఇంకో కొట్టు నడుపుతానంటే మా ఆయన నవ్వుతారు. కానీ ఈ పాత గేమ్ నాకు మళ్లీ కొత్తగా అనిపించింది ఆ కొట్టు వల్లే.

ముందు వీధి సంగతి. ఖాళీ ఊరు ఒకటి తెరిచి మా వీధిలాంటిది కట్టాను. ఒకదాని గోడకి ఒకటి ఆనుకుని, ముందు అరుగు, వెనక పెరడు ఉండే పొడుగాటి ఇళ్లు. గేమ్‌లో మామూలుగా ఒక స్థలానికి ఒకే కుటుంబం. ‘అపార్ట్‌మెంట్ లైఫ్’ ప్యాక్‌తో ఒకే స్థలంలో మనం ఆడే కుటుంబాలు నాలుగు ఉండొచ్చు. అలాంటిది సొంతంగా కట్టాలంటే ఇల్లు పూర్తయ్యాక ‘చేంజ్‌లాట్‌జోనింగ్’ అనే చీట్ కొట్టాలి, అంటే గేమ్‌లో టైప్ చేసే దొడ్డిదారి ఆదేశం. దాన్ని చీటింగ్ అనను, మున్సిపాలిటీ పర్మిషన్ అనుకోండి. ఇంటికి మనుషులు ఎనిమిది మంది దాకా పడతారు. ఉమ్మడి కుటుంబానికి సరిపోయింది.

ఇక కాలం. సిమ్స్ 2లో మీరు ఆడుతున్న ఇంట్లోనే రోజులు నడుస్తాయి. మీరు ఒక పిల్లాడిని పెంచి పెళ్లి చేసేలోపు పక్కింటి పిల్ల అదే వయసులో ఉండిపోయి బడికి వెళ్తూనే ఉంటుంది. 2009లో వచ్చిన సిమ్స్ 3లో ఊరంతా ఒకేసారి నడిచేలా మార్చారు. చాలామందికి సిమ్స్ 2లో ఇదే పెద్ద లోపం. నాకు మాత్రం ఇదే ప్రాణం. ‘సీజన్స్’ ప్యాక్‌లో ఒక్కో రుతువు 5 రోజులు. ఒక ఇంట్లో ఒక రుతువు ఆడి, ఆపి, పక్కింటికి వెళ్తాను. వీధి చివరిదాకా వచ్చాక మళ్లీ మొదటి ఇల్లు. ఇలా వంతులు పెట్టుకుంటే ఎవరిమీదా పగ ఉండదు. మొన్న అరుగు మీద గొడవపడ్డ ఆవిడ ఇంటి వంతు వస్తుంది. లోపలికి వెళ్లి చూస్తే ఆవిడ బాధ ఆవిడది.

రుతువుల వరస కూడా మనమే పెట్టుకోవచ్చు, ఒకే రుతువు రెండుసార్లు కూడా. మంచు కురిసే చలికాలాన్ని తీసేశాను, ఎండాకాలం రెండుసార్లు పెట్టాను. పెరట్లో టమాటా, వంకాయ, చిక్కుడు వేసుకోవచ్చు. పురుగుమందు మరీ ఎక్కువ కొడితే మనిషే ఒళ్లంతా పచ్చబడి మొక్కమనిషి అయిపోతాడు. మందులు అమ్మేవాళ్లందరికీ ఆ బొమ్మ చూపించాలని ఉంటుంది నాకు.

ఇప్పుడు కొట్టు. 2006లో వచ్చిన ‘ఓపెన్ ఫర్ బిజినెస్’ ప్యాక్ లేకపోతే నేనీ గేమ్‌ని ఇంకొకరికి చెప్పేదాన్నే కాదు. ఇంటి ముందు గదిలో గల్లా పెట్టె పెట్టి, సామానుకి ధర చీటీ తగిలించి, బోర్డు తిప్పితే కొట్టు తెరిచినట్టే. ధర చాలా చవక నుంచి దారుణమైన ఖరీదు దాకా పెట్టుకోవచ్చు. బేరం చెప్పేకొద్దీ కొనేవాళ్ల తల మీద ఒక గీత నిండుతుంది, పూర్తిగా నిండితే కొంటారు. మరీ వెంటపడితే విసుక్కుని వెళ్లిపోతారు. నచ్చినవాళ్లు నక్షత్రాలిస్తారు, వాటితో కొట్టు స్థాయి 10 దాకా పెరుగుతుంది. గల్లా దగ్గర కూర్చున్నవాళ్లకి ఆ పని రాకపోతే బిల్లు కొట్టడానికి యుగం పడుతుంది, వరసలో ఉన్నవాళ్లు కాళ్లు నేలకేసి కొడతారు. పని నేర్చుకుంటూ పోతే కాంస్యం, వెండి, బంగారు బ్యాడ్జీలు వస్తాయి. బయటివాళ్లని పెట్టుకుంటే గంటల లెక్కన జీతం ఇవ్వాలి. అదే ఇంటి కోడలు గల్లా దగ్గర నిలబడితే పైసా ఇవ్వనక్కర్లేదు. మన కొట్ల సంగతి గేమ్ చేసినవాళ్లకి ఎవరు చెప్పారో!

ఇంత తెలిసిన గేమ్‌కి అరువు మాత్రం తెలీదు. డబ్బుంటే సామాను, లేకపోతే లేదు. కిరాణా కొట్టు అలా నడుస్తుందా? మా దగ్గర ప్రతి ఇంటికీ ఖాతాలో ఒక పేజీ ఉంటుంది. జీతాలొచ్చే వారం దాకా సగం వీధి ఆ పుస్తకం మీదే బతుకుతుంది. అరువు లేని వీధిలో మనుషులకి ఒకరితో ఒకరికి పనే ఉండదు.

అందుకే గేమ్ పక్కన ఒక ఖాతా పుస్తకం పెట్టాను, నిజంగానే నోటుపుస్తకం. ఏ ఇంటి వంతులోనైనా కరెంటు బిల్లు కట్టే దిక్కులేక, సామాను పట్టుకుపోయేవాడు వచ్చే పరిస్థితి ఉంటే, ఊరి మ్యాప్‌లోకి వెళ్లి ‘ఫ్యామిలీఫండ్స్’ అనే చీట్ కొడతాను. కొట్టు ఇంటి డబ్బులోంచి కొంత తీసి, ఆ ఇంట్లో అంతే వేస్తాను. పుస్తకంలో రాస్తాను. తర్వాతి వంతులో జీతం వచ్చాక తిరగేసి కొడతాను. రెండు వైపులా లెక్క సరిపోవాలి. ఒకే దెబ్బతో 50,000 సిమోలియన్లు (గేమ్‌లో డబ్బు) కురిపించే ‘మదర్‌లోడ్’ మా వీధిలో నిషేధం. ఇంకో నియమం కూడా ఉంది. మార్గశిర లక్ష్మివారాల్లో, అంటే గురువారాల్లో, మా ఇంట్లో చేతిలోంచి డబ్బు పోనివ్వరు. గేమ్‌లో మార్గశిరం లేదు గానీ వారాలున్నాయి, అందుకని లక్ష్మివారం నాడు అక్కడా అరువు బంద్.

దీంతో ఆట తీరే మారిపోయింది. ఎవరికివ్వాలి, ఎవరికి వద్దు, ఎవరు ఎగ్గొడతారు అన్న టెన్షన్ వచ్చింది. ఒక ఇంటాయన ఉద్యోగం పోయి, కొట్టుకి పడ్డ బాకీ తీర్చలేక, చివరికి వాళ్ల పెద్దమ్మాయిని మా గల్లా దగ్గర పనికి పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ అమ్మాయి జీతం నేరుగా బాకీలో జమ. ఏ ప్యాక్‌లోనూ రాసిపెట్టని కథ ఇది.

మా అత్తమ్మకి మంచం మీంచి చూడటం అలవాటైంది. ఆవిడకి నియమాలతో పని లేదు. ‘‘అమ్మీ, ఆ గుంటడు ఏడుస్తున్నాడు, అన్నం పెట్టవేటి?’’ అంటారు. రిటైరైన ముసలివాళ్లకి రోజూ పెన్షన్ వస్తుందని తెలిసి గేమ్ మీద గౌరవం పెరిగింది. ఒకరోజు టెలిస్కోపుతో ఆకాశం చూస్తున్నాయన్ని గ్రహాంతరవాసులు ఎత్తుకెళ్లి దింపేశారు. ఈ గేమ్‌లో అలా వెళ్లొచ్చిన మగవాళ్లకి కడుపు వస్తుంది. ‘‘ఓలమ్మో, మగాడు నీళ్లోసుకున్నాడా!’’ అని ఆవిడ పక్కింటావిడని కూడా పిలిచి చూపించారు. ఏలియన్ బిడ్డ పుట్టాక బారసాల చెయ్యమని నన్ను వదల్లేదు. సాలభంజికలా నిలబడే సిమ్స్‌తో (ఈ గేమ్‌లో మనుషుల్ని అలాగే అంటారు) బారసాల ఎలా అవుతుంది, పార్టీ అని ఒక బటన్ ఉంటే అదే నొక్కాను.

బాగోనివి కూడా చెప్పాలి. ఇంట్లోంచి ఇంకో చోటికి వెళ్లాలంటే ప్రతిసారీ లోడింగ్ తెర చూస్తూ కూర్చోవాలి. తిండి అంతా వాళ్లదే, చద్దన్నం గానీ మా ఒడియా పప్పు దాల్మా గానీ వెతక్కండి. ఆటోసేవ్ లేదు, కరెంటు పోతే అంతకు ముందు ఆడిందంతా పోయినట్టే. చచ్చిపోయినవాళ్ల సమాధులు అడ్డంగా ఉన్నాయని తీసిపారేయకండి, ఊరి ఫైలు పాడవుతుంది. వాటికి వీధి చివర ఒక స్థలం కేటాయించండి. ఊరి ఫోల్డర్ డాక్యుమెంట్స్‌లో ఉంటుంది, దాన్ని అప్పుడప్పుడు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవడం మంచిది.

సిమ్స్ 4 మూల గేమ్ 2022 అక్టోబర్ నుంచి ఉచితంగా దొరుకుతుంటే ఇదెందుకు కొనాలని మా ఆడపడుచు కొడుకు అడిగాడు. బొమ్మలు దాంట్లోనే అందంగా ఉంటాయి, ఆ మాట నిజమే. నాకు మాత్రం ప్యాక్ మీద ప్యాక్ కొనే ఓపిక లేదు, ఇందులో ఐకియా తప్ప అన్నీ ఒకేసారి వచ్చేస్తాయి. స్టీమ్‌లో ఏటా సేల్స్ పెడతారు కాబట్టి పూర్తి ధరకి తొందరపడొద్దు. ఎలాగూ మీరు ముందు కొనాల్సింది నోటుపుస్తకం. మా కొట్లో దొరుకుతుంది, అరువు మాత్రం తెలిసినవాళ్లకే.