మెడ నరం నొప్పికి వెస్టిబ్యులర్ వ్యాయామాలు: ఎవరికి పనికొస్తాయి, ఎవరికి కావు

వెస్టిబ్యులర్ అంటే చెవి లోపలి బ్యాలెన్స్‌కు సంబంధించినది. ఆ బ్యాలెన్స్ దెబ్బతిన్నవాళ్ల కోసం 1940ల్లో బ్రిటన్ డాక్టర్లు కాథోర్న్, కుక్సీ రూపొందించిన వ్యాయామాలే ఈ పద్ధతికి మూలం. వీటిని మెడ నొప్పికి చేయించడం వెనక కారణం ఉంది. తల ఎటు తిరిగి ఉందో మెదడుకు చెప్పేది చెవి, కళ్లే కాదు. పుర్రె కింద, మెడ పైభాగంలో ఉండే చిన్న చిన్న కండరాలు కూడా ఆ కబురు పంపుతాయి. అవి బిగుసుకుపోతే చెవి ఒకటి చెబుతుంది, మెడ ఇంకొకటి చెబుతుంది. తల తిప్పగానే తూలినట్టు, చూపు అలుక్కుపోయినట్టు అనిపించేది అందుకే.

ముందే ఒక మాట. నరం నలిగి చేతిలోకి జివ్వున లాగే నొప్పికి ఇవి మందు కావు. ఆరో మెడ నరం నలిగితే సాధారణంగా బొటనవేలు, ఏడోదైతే మధ్యవేలు తిమ్మిరెక్కుతాయి. ఆ తిమ్మిరిని ఒకచోట చూపు నిలిపి తల తిప్పడం తగ్గించదు. మెడ నొప్పితోపాటు తూలు ఉన్నవాళ్లకైతే మేం గట్టిగా సిఫారసు చేస్తాం.

తూలు మెడదా, చెవిదా తేల్చడానికి తిరిగే కుర్చీ చాలు. తల కదలకుండా ఒకరు రెండు చేతులతో పట్టుకుంటే, కూర్చున్నవాళ్లు కాళ్లతో కుర్చీని అటూ ఇటూ తిప్పాలి. ఇందులో మెడ మెలితిరుగుతుంది కానీ చెవి కదలదు. ఇప్పుడు తూలు వస్తే మెడను అనుమానించాలి. తల, ఒళ్లు కలిపి ఒక్కటిగా తిప్పినప్పుడే వస్తే చెవిని చూపించుకోవాలి. పరీక్ష ఒక్కటే చూసి తీర్పు చెప్పేయకూడదు, కానీ ఇది చేయకుండానే వ్యాయామాలు మొదలుపెట్టే చోట జాగ్రత్తగా ఉండండి.

ఈ వ్యాయామాలన్నిటిలో మాకు బాగా నచ్చింది నుదుటికి కట్టే లేజర్. గోడకు సరిగ్గా 90 సెంటీమీటర్ల దూరంలో కూర్చుని, లేజర్ చుక్క పడినచోట గుర్తు పెట్టాలి. కళ్లు మూసుకుని తల పక్కకు తిప్పి, మళ్లీ మధ్యకు వచ్చానని అనిపించాక కళ్లు తెరవాలి. చుక్క గుర్తుకు ఏడు సెంటీమీటర్లు దాటి పడితే తప్పు నాలుగున్నర డిగ్రీలు దాటిందని లెక్క, అంటే మెడ కబురు గతి తప్పింది. శిక్షణ కూడా ఇదే: ముందు కళ్లు తెరిచి, తర్వాత మూసి, ఒక్కో దిక్కుకు ఆరేసి సార్లు. బ్యాండ్ వదులైతే చుక్క జారి కొలత చెడిపోతుంది. భుజాలు తిరిగినా అంతే, అందుకే వీపు కుర్చీకి ఆనించి కూర్చోబెడతారు.

చూపు నిలిపే వ్యాయామం చూడ్డానికి సులువుగా ఉంటుంది. చేయి చాపినంత దూరంలో ఒక అక్షరం అంటించి, కళ్లు దాని మీదే ఉంచి, తలను 20 నుంచి 30 డిగ్రీలు అటూ ఇటూ తిప్పాలి. అక్షరం అలుక్కుపోయిందంటే వేగం ఎక్కువైనట్టే, వెంటనే తగ్గించాలి. ఒక్కోసారి నిమిషం, రోజుకు మూడు నాలుగు సార్లు. జనం ఎక్కువగా చేసే పొరపాటు తలకు బదులు కళ్లే తిప్పడం. నొప్పి ఉన్న మెడతో మొదటి రోజే వేగం పెంచడం ఇంకో పొరపాటు. అలా చేస్తే కండరాలు మరింత బిగుసుకుంటాయి. అందుకే మెడ ముందరి లోపలి కండరాలను ముందు బలపరచాలి: వెల్లకిలా పడుకుని మెడ కింద ఒత్తిడి కొలిచే గాలి సంచి పెట్టి, 'ఊ' అన్నట్టు తల మెల్లగా వంచుతూ ఒత్తిడిని 20 మి.మీ. (పాదరసం) నుంచి రెండేసి పెంచుతూ 30 దాకా తీసుకెళ్లాలి, ప్రతిచోటా పది సెకన్లు ఆపాలి.

తూలు కొంచెం పెరగడం మామూలే. చేసిన పావుగంటలో సద్దుమణగాలి. నొప్పి భుజం దాటి చేతిలోకి దిగితే మాత్రం ఆ రోజుకు ఆపేయాలి. రెండు కాళ్లు బరువెక్కడం, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోవడం, మూత్రం అదుపు తప్పడం, ఒకటి రెండుగా కనపడటం, మాట తడబడటం, మింగలేకపోవడం, ఉన్నట్టుండి కుప్పకూలడం... వీటిలో ఏది కనపడినా వ్యాయామం ఆలోచన పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.