ఎండలో క్లోజప్: రిఫ్లెక్టర్ మేలా, స్కిమ్మర్ మేలా?

"అన్నా, పాట షూటింగ్ పెట్టుకున్నం. రిఫ్లెక్టర్ కొనాల్నా, స్కిమ్మర్ కట్టాల్నా, లైట్లు తెప్పియ్యాల్నా?" నల్లగొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, మహబూబ్‌నగర్ వైపు జానపద పాటల వీడియోలు, షార్ట్ ఫిల్ములు తీసే తమ్ముళ్ళు తెగ అడుగుతున్న ప్రశ్న ఇది. రిఫ్లెక్టర్ అంటే ఎండను ముఖం మీదికి తిప్పికొట్టే పలక, స్కిమ్మర్ అంటే ఎండను మెత్తబరచడానికి నెత్తి మీద కట్టే తెల్లగుడ్డ. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు ఇక్కడ రాస్తున్నాను. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, ఎన్‌డీ ఫిల్టర్ల సంగతి మీకు తెలుసు కాబట్టి వాటి జోలికి పోను. పగటి పూట, ఆరుబయట, మనిషి ముఖం తీయాలి. ఈ వ్యాసం అంతవరకే.

ముందు మన ఎండ గురించి. నల్లగొండ దాదాపు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, మహబూబ్‌నగర్ ఇంకాస్త దక్షిణాన. అందుకే మే మొదటి పక్షంలో ఒకసారి, ఆగస్టు మొదట్లో మరోసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రోజుల్లో పదకొండు నుంచి రెండు దాకా ఎంత అందగాణ్ణి నిలబెట్టినా కళ్ళు గుంటల్లో ఉన్నట్టే ఉంటాయి, ముక్కు కింద నల్లగా నీడ పడుతుంది. అదే డిసెంబరు 21, 22 ప్రాంతంలో అయితే మధ్యాహ్నం పన్నెండుకు కూడా సూర్యుడు 50 డిగ్రీల ఎత్తు దాటడు. రోజంతా వెలుతురు ఏటవాలుగానే వస్తుంది, కళ్ళలోకి కాస్త దిగుతుంది. ఒకే వాకిలి, ఒకే కెమెరా, ఒకే మనిషి అయినా సంక్రాంతి ముందు తీసిన క్లోజప్‌కీ మేలో తీసిన క్లోజప్‌కీ పోలికే ఉండదు. తేదీలు మార్చుకోగలిగితే చలికాలానికి మార్చుకోండి. కానీ మన టీముల్లో సగం మంది కాలేజీ పిల్లలు, వాళ్ళకు సెలవులు దొరికేది ఎండాకాలంలోనే. కాబట్టి 44 డిగ్రీల ఎండలోనే తీయాల్సి వస్తుందనుకుని మాట్లాడుకుందాం.

రిఫ్లెక్టర్‌ను తీసిపారేయడానికి లేదు. వెండి, బంగారు, తెలుపు రంగులన్నీ కలిసి వచ్చే మడత రిఫ్లెక్టర్ వెయ్యి, రెండు వేల రూపాయల్లో దొరుకుతుంది. ఆర్టీసీ బస్సులో చంకన పెట్టుకుని పోవచ్చు, పట్టుకోవడానికి ఒక్క మనిషి చాలు. నటుణ్ణి ఎండకు వీపు పెట్టి నిలబెడితే జుట్టు అంచు, భుజాల అంచు మెరుస్తాయి. ఎదురుగా రిఫ్లెక్టర్ పట్టి ఆ ఎండనే ముఖం మీదికి తిప్పి కొడితే సరి. వెండి వైపు అయితే ఇరవై, ముప్ఫై అడుగుల దూరం కూడా కొడుతుంది. అంటే మిడ్ షాట్‌లో, లాంగ్ షాట్‌లో కూడా పనికొస్తుంది, ఫ్రేములోకి రాదు. పాటలో అమ్మాయి చెల్కలో నడుచుకుంటూ వస్తుంటే రిఫ్లెక్టర్ పట్టిన పిల్లగాడు పక్కన నడవగలడు. స్కిమ్మర్‌తో ఈ పని చేయించాలంటే నలుగురు మనుషులు అడుగులో అడుగు వేయాలి.

చిక్కు ఎక్కడంటే, ఆ వెలుగు తగిలేది కెమెరాకు కాదు, నటుడి కళ్ళకు. రిఫ్లెక్టర్ కొనమని సలహా ఇచ్చేవాళ్ళు చాలామంది ఈ ఒక్కటీ చెప్పరు.

పేరున్న నటీనటులకు ఎదురు వెలుగులో కళ్ళు నిలపడం ఏళ్ళ తరబడి అలవాటు. కెమెరా రోల్ అయ్యేదాకా కళ్ళు మూసుకుని ఉంటారు, 'యాక్షన్' అనగానే తెరుస్తారు, ఆ కొన్ని సెకన్లలోనే డైలాగ్ చెప్పేసి మళ్ళీ మూసుకుంటారు. మన సినిమాల్లో నటించేవాళ్ళు ఎవరు? మేనమామ, పక్కింటి పెద్దమ్మ, జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పే సారు, ఒగ్గుకథ చెప్పే తాత. వాళ్ళ ముఖాల్లో ఉన్న నిజం కోసమే కదా వాళ్ళను పెట్టుకున్నాం! ఆ ముఖం మీద వెండి వెలుగు పడగానే నుదురు ముడుచుకుంటుంది, చెంపలు పైకి లేస్తాయి, రెప్పలు కొట్టుకుంటాయి. బిడ్డను అత్తారింటికి సాగనంపే తల్లి కోపంగా చూస్తున్నట్టు కనిపిస్తుంది. డైరెక్టరేమో "ఇంకొంచెం బాధగా చెయ్యమ్మా" అంటాడు. ఆమె బాధగానే చేస్తోంది, పాపం. ముఖం చేసేది వేరు, కళ్ళు చేసేది వేరు అయిపోయింది. తర్వాత ఎడిటింగ్‌లో చూసుకుని 'యాక్టింగ్ రాలేదు' అంటారు. నా మటుకు నేను అలాంటి షాట్లలో తప్పు లైటింగ్‌దే అంటాను.

రెండో లెక్క టేకులది. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు, పావుగంటకు దాదాపు నాలుగు. రిఫ్లెక్టర్‌ను స్టాండుకు బిగించి వదిలేస్తే ఇరవై అడుగుల దూరంలో ఉన్న ముఖం మీది నుంచి ఆ పావుగంటలో వెలుగు అడుగుకు పైగా పక్కకు పోతుంది. కొత్తవాళ్ళతో ఒక ఎమోషనల్ షాట్‌కు పావుగంట ఎక్కువేం కాదు. ఎనిమిదో టేకులో పెద్దమ్మ అద్భుతంగా చేస్తుంది, అప్పటికి వెలుగు చెవి మీద ఉంటుంది. పైగా సీన్ మొత్తం కనిపించే మాస్టర్ షాట్ పదిన్నరకు, ఎదుటి మనిషి వైపు తిప్పి తీసే కౌంటర్ షాట్ పన్నెండున్నరకు తీస్తే ముక్కు నీడ ఒక షాట్‌లో ఎడమకు, ఇంకో షాట్‌లో కిందికి. కంటిన్యుటీ గల్లంతు.

స్కిమ్మర్‌ది ఇందుకు పూర్తిగా ఎదురు స్వభావం. పైపుల ఫ్రేముకు తెల్లగుడ్డ బిగించి నటుడి నెత్తి మీద అడ్డంగా పెడితే ఎండ ఆ గుడ్డ మీద పడి, గుడ్డ మొత్తం ఒక పెద్ద దీపంలా మారి మెత్తటి వెలుతురు ఇస్తుంది. నీడల అంచులు కరిగిపోతాయి. ఎండ ఏ పక్క నుంచి వచ్చినా గుడ్డ కింద వెలుతురు పెద్దగా మారదు కాబట్టి పదిన్నర షాట్, పన్నెండున్నర షాట్ పక్కపక్కన అతుకుతాయి. అన్నిటికన్నా ముఖ్యంగా నటుడు నీడలో ఉంటాడు. చెమట తగ్గుతుంది, మేకప్ నిలుస్తుంది, కళ్ళు తెరుచుకుంటాయి. డైరెక్టర్ గుడ్డ కిందికి వెళ్ళి పెద్దమ్మ పక్కన కూర్చుని మెల్లగా సీన్ చెప్పగలడు. పది టేకులు అడిగినా ఆమె విసుక్కోదు. నేను మొన్న దేవరకొండ దగ్గర తీసిన చిన్న సినిమాకు రిఫ్లెక్టర్లు ఇంట్లోనే వదిలేసి స్కిమ్మర్, రెండు థర్మకోల్ షీట్లు మాత్రమే పట్టుకుపోవడానికి కారణం ఇదే. అందులో నటించినవాళ్ళలో ఎవ్వరూ అంతకు ముందు కెమెరా ముందు నిలబడినవాళ్ళు కాదు.

గుడ్డ ఒక్కటే పెడితే కళ్ళు కొంచెం మందంగా, మెరుపు లేకుండా ఉంటాయి. దానికి థర్మకోల్ షీటును ఛాతీ ఎత్తులో, కెమెరా పక్కన పెట్టండి. అది కంట్లో చిన్న చుక్క వెలుగు వేస్తుంది. వెండి కొట్టినట్టు కొట్టదు కాబట్టి రెప్పలు ఆడవు. పాలమూరు ఎర్రనేల మీద అయితే ఇంకో జాగ్రత్త ఉంది. నేల మీద పడిన ఎండ ఎర్రగా పైకి లేచి గడ్డం కింద చేరుతుంది. ఫ్రేములో కనపడనంత మేర నేల మీద నల్లగుడ్డ పరిస్తే పోతుంది.

గుడ్డ విషయంలో టెంట్‌హౌస్ షామియానాతో సరిపెట్టకండి. పసుపు, ఎరుపు పట్టీలు ఉన్న గుడ్డ కింద ముఖం కూడా అదే రంగుకు తిరుగుతుంది. నీలిమందు పెట్టి ఉతికిన పంచె కూడా వద్దు, చర్మం పాలిపోయినట్టు వస్తుంది. బట్టల దుకాణంలో తెల్లటి పలచటి కాటన్ తాను కొని, ఒకసారి ఉతికి వాడుకోవచ్చు. సినిమా యూనిట్లు వాడే ఫ్రేములు 12 అడుగులకు 12 ఉంటాయి. మనకు ఒక మనిషి క్లోజప్‌కు 6 అడుగులకు 6 చాలు, ఇద్దరుంటే 8 అడుగులకు 8.

ఇక స్కిమ్మర్ లోపాలు. వైడ్ షాట్‌కు పనికిరాదు, గుడ్డ, పైపులు కనపడతాయి. గుడ్డ మందాన్ని బట్టి ముఖం మీది వెలుతురు ఒకటి, రెండు స్టాపులు తగ్గుతుంది (ఒక స్టాపు తగ్గితే వెలుతురు సగమైనట్టు). ముఖానికి సరిపడా ఎక్స్‌పోజర్ తెరిస్తే వెనక ఎండలో ఉన్న గోడ తెల్లగా తేలిపోతుంది. దీనికి నా దగ్గర ఉన్న మందు డైరెక్టర్ చేతిలోనిదే, కెమెరామన్ చేతిలోది కాదు. నటుణ్ణి ఎక్కడ నిలబెడుతున్నారన్నది చూసుకోవాలి. వెనక చింతచెట్టు, గుట్టకు నీడ వైపు, తెరిచిన దర్వాజ లోపలి చీకటి, ఇలాంటివి ఉండేలా బ్లాకింగ్ చేసుకుంటే తేలిపోవడం ఉండదు. రాచకొండ బండల మీద నడిఎండలో మాత్రం స్కిమ్మర్ కష్టమే, వెనక ఉన్న ప్రతి రాయీ మెరుస్తుంది. అక్కడ వైడ్ షాట్లన్నీ పొద్దున తొమ్మిదిలోపు తీసేసి, క్లోజప్‌లను చెట్టు నీడకు తెచ్చుకోండి. పిల్లలమర్రి లాంటి పెద్ద చెట్ల కింద ఆకుల సందుల్లోంచి చుక్కలు చుక్కలుగా ఎండ పడుతుంది కదా, అది ముఖం మీద చాలా వికారంగా వస్తుంది. అక్కడా గుడ్డ అడ్డం పెడితే చాలు.

గాలి విషయం తేలిగ్గా తీసుకోవద్దు. మే నెల సాయంత్రాల్లో ఈదురుగాలి చెప్పి రాదు. నాలుగు మూలలకు తాళ్ళు, స్టాండ్లకు ఇసుక సంచులు, ఎత్తు మీద ఉంటే నలుగురు మనుషులు, ఇవి లేకుండా మనిషి నెత్తి మీద ఫ్రేమ్ ఎత్తకండి. గాలి లేస్తే షాట్ ఆపి దించేయండి.

మెత్తటి వెలుతురు మోజు మనకు కొత్తేం కాదు. 1956లో వచ్చిన సత్యజిత్ రే 'అపరాజితో' కోసం సెట్‌లో వేసిన కాశీ ఇంటి వాకిలి మీద కెమెరామన్ సుబ్రతా మిత్ర తెల్లగుడ్డ పరిపించి, కింది నుంచి లైట్లు దాని మీదికి కొట్టి, నీడల్లేని పగటి వెలుతురు తెప్పించాడు. నల్లగొండ పక్కనే ఉన్న మన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో, గర్భగుడిలో పగలంతా కదలకుండా ఉండే స్తంభం నీడ కూడా నేరుగా పడే ఎండ పని కాదు, చెదిరి లోపలికొచ్చే వెలుతురు పని. లైటింగ్ నేర్చుకునే పిల్లలు ఒకసారి పోయి ఆ గుడిలో వెలుతురు ఎటు నుంచి వస్తోందో గమనించండి. కెమెరా అక్కర్లేదు.

లైట్ల గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. నడిఎండతో పోటీ పడాలంటే పెద్ద హెచ్‌ఎంఐలు (పగటి వెలుతురు లాంటి వెలుగిచ్చే సినిమా లైట్లు) కావాలి, వాటికి జనరేటర్ వ్యాన్ కావాలి, అవి హైదరాబాద్ కృష్ణానగర్ నుంచి రావాలి, వెంట లైట్‌మెన్ రావాలి, వాళ్ళకు బత్తా, భోజనం. జనరేటర్ మోతలో సింక్ సౌండ్, అంటే షూటింగ్‌లోనే మాటలు రికార్డు చేసే సంగతి మరిచిపోవచ్చు. చిన్న ఎల్‌ఈడీ ప్యానెళ్ళు నాలుగైదు అడుగులు దాటితే ఎండ ముందు లెక్కకు రావు. అవి ఇంటి లోపలికి, రాత్రికి దాచుకోండి.

'గోల్డెన్ అవర్‌లోనే (పొద్దు కుంకే ముందూ వెనకా) తీస్తాం' అనేవాళ్ళకు ఒక మాట. మన దగ్గర పొద్దు నిటారుగా కుంగుతుంది. కుంకిన తర్వాత పనికొచ్చే వెలుతురు 20, 25 నిమిషాలకు మించదు. ఒకటో రెండో షాట్లకు సరే, సీన్ మొత్తం అందులో పెట్టుకుంటే కొత్త నటులకు టెన్షన్, డైరెక్టర్‌కు అంతకన్నా టెన్షన్.

డాన్సులు, నడకలు ఎక్కువుండి, ముఖం మీద పెద్దగా నటన అవసరం లేని పాట అయితే రిఫ్లెక్టర్ తీసుకోండి, అదీ తెల్ల వైపే వాడండి. మాటలున్న సీన్లు, ఏడుపులు, కొత్త ముఖాలు ఉంటే స్కిమ్మర్ కట్టండి. రెండింటికీ డబ్బు లేనివాళ్ళు సున్నం వేసిన పాతింటి గోడ వెతుక్కోండి, మన ఊళ్ళలో ఇంకా దొరుకుతాయి. ఎండ పడుతున్న తెల్లగోడకు ఎదురుగా, నీడలో ఉన్న అరుగు మీద మనిషిని కూర్చోబెడితే ఆ గోడే మీకు పన్నెండు అడుగుల బౌన్స్ బోర్డు. గోడ మీదికి ఎండ ఎన్ని గంటలకు వస్తుందో, ఎన్నింటికి పోతుందో ముందు రోజే పోయి చూసుకోండి. గోడ యజమానిని కూడా అప్పుడే అడగండి.