‘ఒరిజినల్ విండోస్ 11’ పేరుతో అమ్ముతున్న పాత ల్యాప్‌టాప్‌లతో జాగ్రత్త

సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్లో రీఫర్బిష్డ్ (వాడినదాన్ని బాగుచేసి అమ్మే) ల్యాప్‌టాప్ కొనాలనుకుంటున్నవారు దయచేసి ఇది చదివిన తరువాతే డబ్బు చెల్లించండి. అక్కడి ఒక దుకాణంలో మా చెల్లెలు మోసపోయింది; ఫిర్యాదు నడుస్తున్నందున దాని పేరు రాయడం లేదు. ‘ఒరిజినల్’ అని ఇలాగే చెప్పే దుకాణాలు అక్కడ ఇంకా ఉన్నాయని ఇప్పుడు పరిచయస్థులు చెబుతున్నారు.

మా చెల్లెలు ఇంటి దగ్గర పిల్లలకు ట్యూషన్ చెబుతుంది. ప్రశ్నపత్రాలు తెలుగులో టైపు చేసుకోవడం, వీడియో పాఠాలు చూపించడం, బ్యాంకు పనులు చక్కబెట్టుకోవడం తప్ప ఆమెకు కంప్యూటర్‌తో వేరే అవసరం లేదు. అందుకని ఆరో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ ఎంచుకుని, అందులో విండోస్‌కు బదులుగా ఉచితంగా దొరికే లైనక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసి ఇవ్వమని అడిగాను. యజమాని నాకు జవాబివ్వకుండా మా చెల్లెలి వైపు తిరిగి, “లైనక్స్ వేస్తే బ్యాంకు సైట్లు తెరుచుకోవమ్మా, తెలుగు టైపింగ్ రాదు, రేపు పాడైతే బాగుచేసేవాళ్లు కూడా దొరకరు” అన్నాడు. ఆమె భయపడింది. ‘ఒరిజినల్ విండోస్ 11’ కోసం అదనంగా 3,500 రూపాయలు తీసుకున్నాడు.

అతను చెప్పిన వాటిలో ఒక్కటీ నిజం కాదు. బ్యాంకు సైట్లు తెరిచేది బ్రౌజర్; ఫైర్‌ఫాక్స్, క్రోమ్ రెండూ లైనక్స్‌లో ఉన్నాయి. తెలుగు టైపింగ్‌కు ఇన్‌స్క్రిప్ట్ (తెలుగు అక్షరాల కీబోర్డు అమరిక), ఆర్‌టీఎస్ (ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాయడం) పద్ధతులు లైనక్స్‌లో ఎన్నో ఏళ్లుగా ఉచితంగా దొరుకుతున్నాయి. లైనక్స్‌లో తెలుగు కోసం హైదరాబాద్‌లోనే ‘స్వేచ్ఛ’ సంస్థ ఏళ్ల తరబడి పనిచేసింది. ఆ ఊళ్లోనే కంప్యూటర్లు అమ్ముకుంటూ, లైనక్స్‌లో తెలుగు రాదని ఒక టీచరుకు చెప్పడం నాకు ఇప్పటికీ మింగుడుపడడం లేదు.

కొన్ని వారాలకు యంత్రం నెమ్మదించడంతో మా ఆఫీసులో ఐటీ పని చూసే మిత్రుడికి చూపించాను. సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీ తెరిస్తే, ఈ విండోస్ ‘మీ సంస్థ యాక్టివేషన్ సర్వీస్’ ద్వారా యాక్టివేట్ అయిందని ఉంది. మా ఇంట్లో ఏ సంస్థ ఉంది? పెద్ద కంపెనీలు తమ సొంత సర్వర్ ద్వారా వందలాది కంప్యూటర్లను యాక్టివేట్ చేసుకోవడానికి కేఎంఎస్ అనే పద్ధతి ఉంది. అది 180 రోజులకు చెల్లుతుంది, ఆలోపు మళ్లీ ఆ సర్వర్‌ను కలవాలి. ఆ సర్వర్ ఉన్నట్టు నటించే దొంగ ప్రోగ్రామ్ ఒకటి ఇందులో వేశారు. దాన్ని వైరస్‌గా పట్టుకోకుండా, విండోస్‌లోనే ఉండే వైరస్ నిరోధక ప్రోగ్రామ్ డిఫెండర్ ఒక ఫోల్డర్‌ను అసలు తనిఖీ చేయవద్దని కూడా అమర్చి పెట్టారు. ఎవరు రాశారో, లోపల ఏముందో తెలియని ఆ ప్రోగ్రామ్ నడుస్తున్న యంత్రంలోనే మా చెల్లెలు తన బ్యాంకు పాస్‌వర్డ్ టైపు చేస్తూ వచ్చింది.

అంతేకాదు, ఆరో తరం ఇంటెల్ ప్రాసెసర్లు మైక్రోసాఫ్ట్ ప్రకటించిన విండోస్ 11 అర్హత జాబితాలోనే లేవు. ఆ అర్హత తనిఖీలను దాటవేసి విండోస్ 11 ఎక్కించిన యంత్రాలకు భద్రతా అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని ఆ కంపెనీయే చెబుతోంది. విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో సాధారణ మద్దతు ముగిశాక, ఇటువంటి పాత యంత్రాలను ఇలా తయారుచేసి అమ్ముతున్నారు.

ల్యాప్‌టాప్ తీసుకుని, చెల్లెలిని వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్లాను. యాక్టివేషన్ పేజీ చూపించి, “ఒరిజినల్ అని డబ్బు తీసుకున్నది మీరే కదండీ” అని అడిగాను. అతను బిల్లు అందుకుని, “ఇందులో ఒరిజినల్ అని ఎక్కడుంది సార్? సర్వీస్ చార్జీ అని ఉంది” అన్నాడు. నిజమే, అలాగే ఉంది. నోటితో ఒకటి చెప్పి కాగితం మీద ఇంకొకటి రాశాడు. తరువాత కౌంటర్ దగ్గర ఉన్న మిగతా కొనుగోలుదారులకు వినబడేలా, “సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొని లైసెన్స్ అడుగుతున్నారు ఈయన” అని నవ్వాడు. డబ్బు తిరిగి ఇమ్మంటే, “మీరు లైనక్స్ మనిషి కదా సార్, ఇంటికెళ్లి అదే వేసుకోండి, అన్నీ పనిచేస్తాయి” అన్నాడు. ఏదీ పనిచేయదని మా చెల్లెలిని బెదిరించిన మనిషే, అదే కౌంటర్‌లో, ఆమె ముందే ఆ మాట అన్నాడు. తనకు తెలిసే అబద్ధం చెప్పాడని ఆ క్షణంలో ఆమెకూ నాకూ అర్థమైంది. 3,500 రూపాయలు పోవడం కన్నా, ఏమీ తెలియదని ఆమెను అంత తేలికగా చూడడం నాకు ఎక్కువ కోపం తెప్పించింది.

నేను లైనక్స్ అందరికీ సరిపోతుందని అనడం లేదు. ట్యాలీలో లెక్కలు రాసేవారికి, అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో డీటీపీ పని చేసేవారికి విండోస్ కావాలి. వారు విండోస్ 11కు అర్హత ఉన్న యంత్రాన్నే సరైన లైసెన్స్‌తో కొనాలి. బ్రౌజర్, ఉత్తరాలు, పాఠాలు, పాటలు చాలనుకునేవారికి మాత్రం పాత ల్యాప్‌టాప్‌లో దొంగ విండోస్ కన్నా లైనక్స్ అన్ని విధాలా మేలు. మింట్ 22కు 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి, రూపాయి ఖర్చు లేదు. ఇప్పుడు మా చెల్లెలి ల్యాప్‌టాప్‌లో డిస్క్ మొత్తం తుడిచి అదే వేశాము, బ్యాంకు పాస్‌వర్డ్‌లన్నీ వేరే యంత్రం నుంచి మార్చేశాము. వేలిముద్ర సెన్సర్ పనిచేయడం లేదు, మిగతావన్నీ పనిచేస్తున్నాయి.

కొనబోయేవారు మింట్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ ఒకటి వెంట తీసుకెళ్లండి. ఇన్‌స్టాల్ చేయకుండానే దాని నుంచి ల్యాప్‌టాప్ నడిపించి వైఫై, శబ్దం, కెమెరా, కీబోర్డు అక్కడే చూసుకోవచ్చు. విండోస్ కావాలంటే యాక్టివేషన్ పేజీ చూడనిదే డబ్బు ఇవ్వకండి, ‘లైసెన్స్‌తో సహా’ అని బిల్లులో రాయించండి. బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. నేను అక్కడే ఫిర్యాదు నమోదు చేశాను. ఇదే మార్కెట్లో ఇలాగే మోసపోయినవారు ఎవరైనా ఉంటే మీ బిల్లులు దాచి ఉంచి, మీరూ ఫిర్యాదు చేయండి.