షెంగెన్ వీసా రివ్యూ: రూల్‌బుక్ ఒకటే, కౌంటర్లు 29

యూరప్‌లో తిరగడానికి 90 యూరోలు కట్టి తీసుకునే షెంగెన్ వీసాని ఒక సరుకులా చూసి చెప్పాలంటే, సరుకు మంచిదే. వాడే పద్ధతి మాత్రం కొన్నవాళ్లలో చాలామందికి తెలీదు. రిజెక్ట్ అయినవాళ్ల గోడు అందరికీ వినబడుతుంది. వీసా చేతికొచ్చాక రోజులు తప్పుగా లెక్కేసుకున్నవాళ్ల సంగతి తిరుగు ప్రయాణం రోజు దాకా బయటపడదు. అందుకే ఇక్కడ అప్లికేషన్ కన్నా పాస్‌పోర్టులో అంటించే వీసా స్టిక్కర్ దగ్గర, క్యాలెండర్ దగ్గర ఎక్కువసేపు ఆగుదాం.

ముందు, ఆ డబ్బుకి వచ్చేదేమిటి? 29 దేశాలు. యూరోపియన్ యూనియన్‌లోని 27లో 25, వాటికి తోడు నార్వే, ఐస్‌లాండ్, స్విట్జర్లాండ్, లీక్టెన్‌స్టైన్. ఐర్లండ్, సైప్రస్ యూనియన్‌లో ఉన్నాయి కానీ ఈ వీసా పరిధిలో లేవు. బ్రిటన్‌కి వేరే వీసా కావాలి. 1985 జూన్ 14న లక్సెంబర్గ్‌లోని షెంగెన్ ఊరి దగ్గర, మోజెల్ నది మీద ఒక పడవలో ఐదు దేశాలు తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసే ఒప్పందం మీద సంతకాలు పెట్టాయి. సరిహద్దు తనిఖీలు నిజంగా ఎత్తేసింది 1995 మార్చిలో. తర్వాత ఒక్కొక్కటీ వచ్చి చేరాయి. 2023 జనవరి 1న క్రొయేషియా చేరింది. బల్గేరియా, రుమేనియాలకు 2024 మార్చి 31న విమాన, సముద్ర మార్గాల్లో తనిఖీలు పోయాయి, 2025 జనవరి 1న రోడ్డు, రైలు మార్గాల్లోనూ పోయాయి. ఈ తేదీలు ఎందుకంటే, "క్రొయేషియాలోనో బల్గేరియాలోనో నెల రోజులు గడిపితే షెంగెన్ రోజులు ఆదా అవుతాయి" అనే పాత సలహా ఇంకా చలామణిలో ఉంది. అది చెల్లని నోటు. అక్కడ ఉన్న రోజులు కూడా ఇప్పుడు 180 రోజుల్లో 90 అనే పరిమితి (వివరం కింద ఉంది) ఖాతాలో పడతాయి.

అప్లికేషన్ భాగం త్వరగా ముగిద్దాం, ఇందులో అయోమయం తక్కువ. ఏ దేశానికి అప్లై చెయ్యాలంటే, ఎక్కువ రోజులు ఉండే దేశానికి. అన్నిచోట్లా సమానంగా ఉంటే మొదట అడుగుపెట్టే దేశానికి. అపాయింట్‌మెంట్ స్లాట్ దొరికిన దేశానికి పెట్టి, అక్కడికి వెళ్లకుండా వేరేచోట తిరగడం బాగా కనిపించే అడ్డదారి. సరిహద్దులో హోటల్ బుకింగులు అడిగితే అది నిలవదు. వీసా అబద్ధం చెప్పి తీసుకున్నారని తేలితే అక్కడికక్కడే రద్దు చెయ్యొచ్చు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చెయ్యొచ్చు, ఆఖరి గడువు 15 రోజుల ముందు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, పరిశీలన అవసరమైతే 45 దాకా పోవచ్చు. అపాయింట్‌మెంట్ సాధారణంగా రెండు వారాల్లో ఇవ్వాలని వీసా కోడ్ (షెంగెన్ వీసాల ఉమ్మడి చట్టం) చెబుతుంది. వేసవి రద్దీలో ఆ మాట కాగితం మీదే ఉంటుంది, కాబట్టి ఆరు నెలల గడువు తెరుచుకోగానే స్లాట్ పట్టుకోవడం మేలు.

ఫీజు పెద్దలకు 90 యూరోలు, ఆరేళ్ల నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు 45, ఆరేళ్ల లోపువాళ్లకు ఉచితం. 2024 జూన్ 11 దాకా పెద్దలకు 80 ఉండేది. దీనిపైన కాగితాలు తీసుకునే ఏజెన్సీ సర్వీస్ చార్జి అదనం. మామూలుగా అది వీసా ఫీజులో సగానికి మించకూడదు. కౌంటర్లో అంటగట్టే ఎస్సెమ్మెస్ కబుర్లు, లాంజ్, కొరియర్ వంటివి మీ ఇష్టం మీద ఆధారపడ్డవే, తీసుకోకపోతే వీసాకి వచ్చే నష్టం లేదు. వేలిముద్రలు ఒకసారి ఇస్తే 59 నెలల వరకు మళ్లీ వాడుకుంటారు. ఆ గడువులో మళ్లీ అప్లై చేసేటప్పుడు పాత వీసా కాపీ జతచేస్తే పాత ముద్రలే వాడమని అడగడానికి వీలుంటుంది.

ఇక పాస్‌పోర్టు. గత పదేళ్లలో జారీ అయి ఉండాలి, తిరిగొచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు చెల్లాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు, షెంగెన్ దేశాలన్నిటికీ వర్తించేలా ఉండాలి. ఒక్క ఫ్రాన్స్ పేరే రాసిన పాలసీ పనికిరాదు. మల్టిపుల్ ఎంట్రీ అడిగితే మొదటి ట్రిప్పుకి ఇన్సూరెన్స్ చూపిస్తే చాలు. తర్వాతి ట్రిప్పులకు తీసుకునే బాధ్యత మీదేనని ఫారం మీద సంతకం పెట్టించుకుంటారు. చాలామంది సంతకం పెట్టి ఆ సంగతే మర్చిపోతారు.

అసలు తిరకాసు స్టిక్కర్ దగ్గర. దాని మీద చూడాల్సిన గళ్లు మూడు: ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎన్ని ఎంట్రీలు, డ్యూరేషన్ ఆఫ్ స్టే (మొత్తం ఎన్ని రోజులు ఉండొచ్చు). పది రోజుల ట్రిప్పుకి సింగిల్ ఎంట్రీ వీసా ఇచ్చారనుకోండి. తేదీల మధ్య 25 రోజులు కనబడతాయి. టికెట్ మారినా ఇబ్బంది రాకూడదని పైన 15 రోజులు కలిపి ఇస్తారు, అంతే. ఉండడానికి అనుమతి మాత్రం డ్యూరేషన్ గడిలో రాసిన 10 రోజులే. 25 చూసి ఇంకో వారం తిరిగొద్దామనుకుంటే అది ఓవర్‌స్టే, అంటే అనుమతికి మించి ఉండడం. దిగిన రోజు, వెళ్లిపోయే రోజు రెండూ పూర్తి రోజులుగానే లెక్క. రాత్రి 11:50కి దిగినా ఒక రోజు పోయినట్టే. సింగిల్ ఎంట్రీతో మధ్యలో లండన్ చూసొద్దామనే ప్లాన్ కూడా ఇక్కడే బెడిసికొడుతుంది. ఛానల్ దాటి బయటికెళ్లగానే ఆ ఎంట్రీ ఖర్చయిపోతుంది, తిరిగి పారిస్‌లోకి రానివ్వరు.

రెండేళ్లు, ఐదేళ్ల వీసా ఉన్నవాళ్లకు లెక్క ఇంకో రకం. డ్యూరేషన్ గడిలో 90 ఉంటుంది. ఏ 180 రోజుల్లోనైనా 90కి మించకూడదని అర్థం. ఈ 180 అనేది జనవరి–జూన్, జూలై–డిసెంబర్ అని గీత గీసిన ఆరు నెలలు కాదు. అక్కడ ఉన్న ప్రతిరోజూ, ఆ రోజుతో కలిపి వెనక్కి 180 రోజులు చూస్తారు. అంటే ఈ 180 రోజుల కిటికీ రోజుకో మెట్టు ముందుకు జరుగుతుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. మార్చి 1 నుంచి ఏప్రిల్ 30 దాకా ఉన్నారు: 31, 30 కలిపి 61 రోజులు. మిగిలినవి 29. జూలై 10న మళ్లీ దిగితే ఆగస్టు 7కి బయటపడాలి. జూలై 29న దిగినా అంతే, 29 రోజులకి అంటే ఆగస్టు 26కి సరి. 27న ఉంటే మార్చి 1 ఇంకా కిటికీలోనే ఉంది, లెక్క 91 అవుతుంది. అదే ఒక్క రోజు ఆగి జూలై 30న దిగారా, ఆగస్టు 27కి సరిగ్గా 90. మర్నాడు మార్చి 1 కిటికీ నుంచి జారిపోతుంది, ఆ ఖాళీలో ఆగస్టు 28 సర్దుకుంటుంది. అక్కడి నుంచి రోజుకొక పాత రోజు పోతూ కొత్త రోజు చేరుతూ అక్టోబర్ 27 దాకా, పూర్తి 90 రోజులు ఉండొచ్చు. ఒక్క రోజు తేడాకి 29 కాస్తా 90 అయింది! ఈ లెక్క వేలి మీద తెగదు.

దీనికోసం యూరోపియన్ కమిషన్ తన సైట్‌లో ఉచితంగా ఒక కాలిక్యులేటర్ పెట్టింది. పాత ఎంట్రీ, ఎగ్జిట్ తేదీలు వరసగా నింపి, కొత్త ట్రిప్పు తేదీ ఇస్తే ఎన్ని రోజులు ఉండొచ్చో చెబుతుంది. పని చేస్తుంది, ముస్తాబు ఏమీ లేదు. తేదీ ముందు, నెల తర్వాత రాయాలి. అమెరికా పద్ధతికి అలవాటుపడ్డవాళ్లు 03, 04 తారుమారు చేసి తప్పు జవాబు తెచ్చుకుంటారు. దానికి తెలిసింది 90/180 ఒక్కటే. మీ స్టిక్కర్ మీద 15 రోజులే రాసుందని, వీసా వచ్చేవారం అయిపోతుందని దానికి తెలీదు. ఏదైనా దేశం ఇచ్చిన రెసిడెన్స్ పర్మిట్ మీదో లాంగ్ స్టే వీసా మీదో ఆ దేశంలో గడిపిన రోజులు ఇందులో రాయకూడదు, అవి ఈ లెక్కలోకి రావు.

ఇంతకుముందు ఈ లెక్కంతా పాస్‌పోర్టు మీద సిరా అలికిన స్టాంపులు చూసి అధికారి వేసేవాడు. 2025 అక్టోబర్ 12 నుంచి ఈఈఎస్ అనే ఎంట్రీ ఎగ్జిట్ సిస్టమ్ మొదలైంది, అంచెలంచెలుగా స్టాంపుల స్థానంలోకి వచ్చేలా దాన్ని పెట్టారు. ముఖం ఫోటో తీసి, రాకపోకల తేదీ, సమయం, చోటు రికార్డు చేస్తుంది. వీసా అక్కర్లేని దేశాలవాళ్ల దగ్గర నాలుగు వేళ్ల ముద్రలు కూడా తీసుకుంటుంది. వీసా ఉన్నవాళ్ల వేలిముద్రలు అప్లికేషన్ రోజునే వీసా డేటాబేస్‌లోకి వెళ్లాయి కాబట్టి వాటితోనే సరిచూస్తారు. రికార్డు మూడేళ్లు ఉంటుంది. బయటికెళ్లినట్టు నమోదు కాకపోతే ఐదేళ్లు. మొదటిసారి నమోదుకి సమయం పడుతుంది, కనెక్షన్ ఫ్లైట్‌కి గంట మాత్రమే ఉంటే ఆ టికెట్ తీసుకోకపోవడం మంచిది. వెళ్లినట్టు రికార్డు పడకపోతే ఓవర్‌స్టే చేశారనే అనుకుంటారు, కాదని చూపించాల్సింది మీరే. బోర్డింగ్ పాస్, వెళ్లిన దేశంలో పడ్డ స్టాంపు పారేయకండి. ఈ ఒక్క మార్పు ఈ సర్వీసుని నిజంగా బాగుచేసిందని చెప్పొచ్చు, ఎందుకంటే లెక్కలో అధికారి చూపుకి, సిరా మరకకి తావు లేదు. పొరపాటున రెండు రోజులు ఎక్కువున్నవాళ్లకి మాత్రం ఇక మినహాయింపు దొరకడం కష్టం.

లోపల సరిహద్దులు లేవన్న ప్రకటనని కొంచెం తగ్గించి చదువుకోవాలి. 2024 సెప్టెంబర్ 16 నుంచి జర్మనీ తన భూసరిహద్దులన్నిటా తనిఖీలు పెట్టింది. ఫ్రాన్స్, ఆస్ట్రియా 2015లో మొదలుపెట్టినవాటిని పొడిగిస్తూనే వచ్చాయి. తాత్కాలికమనే మాట చట్టంలో ఉంది. రైల్లో సాల్జ్‌బర్గ్ నుంచి మ్యూనిక్ వెళ్తూ పాస్‌పోర్టు హోటల్లో వదిలేయడం తెలివైన పని కాదు.

రిజెక్ట్ అయితే? కారణాలకు టిక్ పెట్టిన ఒకే నమూనా ఫారం 29 దేశాల్లోనూ ఇస్తారు. కానీ అప్పీలు మాత్రం తిరస్కరించిన దేశం చట్టం ప్రకారమే, గడువులూ దాని ఇష్టమే. తిరస్కరించిన కాన్సులేట్‌కే మళ్లీ మొరపెట్టుకునే పద్ధతిని జర్మనీ 2025 జూలై 1 నుంచి ఎత్తేసింది. మిగిలింది బెర్లిన్ కోర్టు, లేదా కొత్త అప్లికేషన్. ఫీజు వెనక్కి రాదు. అయితే గడువు దాటాక పెట్టారనో పాస్‌పోర్టు సరిపోదనో అప్లికేషన్‌ని అసలు పరిశీలనకే తీసుకోకపోతే వీసా ఫీజు తిరిగివ్వాలని కోడ్‌లో ఉంది. ఇది అడిగేవాళ్లు తక్కువ. తిరస్కరణ ఉమ్మడి డేటాబేస్‌లో ఉంటుంది కాబట్టి ఫ్రాన్స్ కాదంది కదా అని మర్నాడు అవే కాగితాలు ఇటలీకి ఇస్తే, ఇటలీ ముందు ఆ కబురే చదువుతుంది.

స్టిక్కర్ మీద జారీ చేసిన దేశం పేరుకి ఇంకో బరువూ ఉంది, దాని గురించి టూరిస్టు గైడ్లు రాయవు. డబ్లిన్ నిబంధనల (ఆశ్రయం దరఖాస్తు ఏ దేశం చూడాలో తేల్చే యూరప్ నియమాలు) ప్రకారం, వీసాతో వచ్చిన మనిషి ఏ దేశంలో ఆశ్రయం అడిగినా, సాధారణంగా ఆ దరఖాస్తు చూడాల్సింది వీసా ఇచ్చిన దేశమే. స్పెయిన్ వీసాతో వచ్చి స్వీడన్‌లో దరఖాస్తు పెడితే, వేలిముద్రలతో వీసా రికార్డు బయటపడి ఆ మనిషిని తీసుకోమని స్వీడన్ స్పెయిన్‌ని అడగొచ్చు. స్వీడన్‌లో కుటుంబంలో ఒకరికి ఇప్పటికే రక్షణ దొరికి ఉంటే ఆ సంగతి ముందు చూస్తారు. 2026 జూన్ 12 నుంచి వర్తించేలా తెచ్చిన కొత్త వలస, ఆశ్రయ ఒప్పందం డబ్లిన్ పేరు తీసేసినా ఈ సూత్రాన్ని ఉంచింది.

భారత పాస్‌పోర్టు ఉండి భారత్‌లో నివసించేవాళ్లకు ఒక్క వెసులుబాటు తీసిపారేయదగ్గది కాదు. 2024 ఏప్రిల్ 18 నాటి నిర్ణయం ప్రకారం, గత మూడేళ్లలో రెండు వీసాలు తీసుకుని పద్ధతిగా వాడినవాళ్లు రెండేళ్ల మల్టిపుల్ ఎంట్రీకి అర్హులు, ఆ తర్వాత ఐదేళ్లకు. పాస్‌పోర్టు గడువుని మించి మాత్రం ఇవ్వరు. మూడేళ్లే మిగిలిన పాస్‌పోర్టుతో వెళ్తే ఐదేళ్ల వీసా రావాల్సినచోట మూడేళ్లలోపుది వస్తుంది. అలాంటప్పుడు పాస్‌పోర్టు ముందే రెన్యూ చేయించి, పాత వీసాలున్న పుస్తకం కూడా వెంట పెట్టుకుని కౌంటర్‌కి వెళ్లాలి.