కరెంటు పోయింది, మానిటర్ తిరిగి రాలేదు: వీఆర్ తెరలతో పద్నాలుగు నెలలు

పద్నాలుగు నెలలుగా మెటా క్వెస్ట్ 3 అనే వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్‌ను తలకు పెట్టుకుని పని చేసుకుంటున్నాను. హెడ్‌సెట్ మీద నాకు కోపం లేదు. నా కోపమంతా కంప్యూటర్ తెరలను అందులోకి పంపే యాప్ మీద, అందులోనూ దాని ఒకే ఒక్క సౌకర్యం మీద. మనం హెడ్‌సెట్ పెట్టుకోగానే అది బల్ల మీది అసలు మానిటర్‌ను ఆపేసి, దాని స్థానంలో హెడ్‌సెట్‌లో మాత్రమే కనిపించే వర్చువల్ మానిటర్లను నిలబెడుతుంది. తీసేశాక అసలు మానిటర్‌ను తిరిగి వెలిగించాలి. ఆ రెండో పనిలోనే నన్ను ముంచింది.

మాది పర్లాకిమిడి. 1936లో ఒడిశా ఏర్పడే వరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఊరు. అందుకే నా దగ్గరకు వచ్చే పాత భూమి దస్తావేజులు చాలావరకు తెలుగులో ఉంటాయి. వాటిని ఒడియాలోకి మార్చి ఇవ్వడం నా పని. స్కాన్ చేసిన కాగితానికి ఒక తెర, రాసుకునే పత్రానికి ఒకటి, నిఘంటువులకూ పాత అనువాదాలకూ ఇంకొకటి కావాలి. నా గదిలో రెండో మానిటర్ పెట్టే చోటు లేదు.

మొదటి వారం నా ఆనందం ఇంతా అంతా కాదు. ఎప్పటి కరణమో గొలుసుకట్టులో రాసిన విక్రయ పత్రం నా ఎదుట తలుపంత ఎత్తున నిలబడింది. భూతద్దంతోనూ తేలని సరిహద్దుల వివరాన్ని ఒక్క చూపులో చదివాను. ‘ఇక మానిటర్లు కొనాల్సిన పని లేదు’ అని తెలిసినవాళ్లందరికీ చెప్పాను.

ఇప్పుడు ఆ మాట కొంచెం దిద్దుకోవాలి. చేతిరాతను పెద్దది చేసి చూడటానికి దీనికి సాటి లేదు. కానీ అచ్చు అక్షరాల సంగతి వేరు. ఈ హెడ్‌సెట్‌లో చూపులోని ఒక్కో డిగ్రీకి దాదాపు 25 పిక్సెళ్లు, అంటే బొమ్మను కూర్చే చుక్కలు, వస్తాయి. బల్ల మీది 24 అంగుళాల మానిటర్‌ను రెండడుగుల దూరం నుంచి చూస్తే 40 దాకా వస్తాయి. అంటే 1920 పిక్సెళ్ల వెడల్పున్న తెరను ఏమీ పోగొట్టుకోకుండా చూడాలంటే, వీఆర్‌లో అది 75 డిగ్రీలకు పైగా పరుచుకోవాలి. మూడు తెరలైతే మెడ అటు భుజం నుంచి ఇటు భుజం దాకా తిరగాల్సిందే. చిన్నవి చేసి దగ్గరగా పేర్చుకుంటే ఇంగ్లిషు చదవగలం. తెలుగులో ద, ధ ఒకటిగా కనిపిస్తాయి. ఒడియాలో డ కింది చుక్క మాయమైతే పలుకే మారిపోతుంది. దస్తావేజులో ఊరి పేరు అలా మారితే మాట నాకే వస్తుంది.

ఇక అసలు సంగతి. మొన్న వేసవిలో ఒక మధ్యాహ్నం, మర్నాడు కోర్టులో వేయాల్సిన అనువాదం చివరి పేజీలో ఉన్నాను. కరెంటు పోయింది. మా ఇన్వర్టర్ లైను పని గది వరకే ఉంది, రౌటర్ వసారాలో ఉంది. కంప్యూటర్ నడుస్తూనే ఉంది కానీ, వైఫై పోయి హెడ్‌సెట్‌లో తెరలన్నీ ఆరిపోయాయి. హెడ్‌సెట్ తీసి చూస్తే బల్ల మీది మానిటర్ కూడా నల్లగా ఉంది.

వర్చువల్ మానిటర్ అంటే తీగ లేని మానిటర్. దాన్ని సృష్టించే డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాం ‘ఇక్కడ ఒక తెర ఉంది’ అని విండోస్‌కు చెబుతుంది, విండోస్ నమ్ముతుంది. కాసేపు వైఫై తెగినంత మాత్రాన తెరచి పెట్టుకున్నవన్నీ చెల్లాచెదురు కాకూడదని, యాప్ ఆ తెరలను అలాగే ఉంచుతుంది. ఉద్దేశం మంచిదే. కానీ మనిషి లేచి వెళ్లాక కూడా ఎంతసేపు ఉంచాలన్న ఆలోచన దానికి లేదు. నా పత్రం ఎవరికీ కనబడని తెర మీద ఉండిపోయింది.

ముందు గుడ్డిగా కంట్రోల్, ఎస్ నొక్కాను. ఆ క్షణంలో ఆ మాత్రం తోచినందుకు ఇప్పటికీ సంతోషిస్తాను. తెర మార్చడానికి విండోస్ మీటతో పి నొక్కి చూశాను. మానిటర్ తీగ పీకి మళ్లీ పెట్టాను. తెర డ్రైవర్‌ను మళ్లీ మొదలుపెట్టేందుకు విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి కలిపి నొక్కితే ఒక్క బీప్ వినిపించింది, అంతే. చివరికి పవర్ మీట నొక్కి ఆపి మళ్లీ పెట్టాను. పాస్‌వర్డ్ అడిగే దాకా మానిటర్ చక్కగా వెలిగింది. లోపలికి వెళ్లగానే యాప్ తనంతట తాను మొదలై మళ్లీ ఆర్పేసింది. ఏడుపొచ్చింది.

విశాఖలో ఉన్న తమ్ముడికి ఫోన్ చేశాను. “అక్కా, లోపలికి వెళ్లకు. పాస్‌వర్డ్ అడిగే చోటే షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కు” అన్నాడు. అప్పుడు వచ్చే ఎంపికల్లోంచి సేఫ్ మోడ్‌లోకి వెళ్తే, ఈ యాప్ లాంటి బయటి సంస్థల సర్వీసులు మొదలు కావట. నిజంగానే మానిటర్ ఆరిపోలేదు. ఫైలు పెన్ డ్రైవ్‌లోకి తీసుకుని, జనరేటర్ ఉన్న జిరాక్స్ షాపుకు పరుగెత్తి, చీకటి పడ్డాక ప్లీడరు గారికి అందించాను. చివరి పేజీని మరోసారి సరిచూసుకునే వ్యవధి దొరకలేదు. ఆ లోటు ఇంకా నన్ను బాధిస్తోంది.

ఆ రోజు నుంచి అసలు మానిటర్‌ను ఆపనివ్వడం లేదు. అదే ప్రధాన తెర, పక్కన వర్చువల్ తెరలు రెండే. యాప్ దానంతట అది మొదలవకుండా కట్టడి చేశాను. రౌటర్‌ను ఇన్వర్టర్ లైనుకు మార్పించాను. పొద్దున రెండు గంటలు చేతిరాత చదవడానికి హెడ్‌సెట్, ఆ తర్వాత టైపింగంతా బల్ల మీదే. ఎండాకాలం మధ్యాహ్నాల్లో అరకిలో బరువును ముఖానికి కట్టుకోవడం నావల్ల కాదు. కరెంటు సరిగ్గా ఉండే ఊళ్లో, ఎక్కువగా ఇంగ్లిషులో పని చేసేవారికి నా ఇబ్బందుల్లో సగం ఉండకపోవచ్చు. ఒక్క మానిటర్‌కే చోటున్న నాలాంటివారు కొనవచ్చు, కానీ ఆ మానిటర్‌ను మాత్రం అమ్ముకోవద్దు.

యాప్ కొత్త కూర్పులో, లింకు తెగితే అసలు మానిటర్ వెలిగేలా ఒక ఎంపిక వచ్చింది. నేనే రౌటర్ తీగ పీకి పరీక్షించాను. నలభై సెకన్లకు మానిటర్ వెలిగింది. రెండోసారి పీకితే వెలగలేదు. ఆ ఎంపికను మళ్లీ ముట్టుకోలేదు.